ఇరవయ్యారో ఎత్తు: టీకా తాత్పర్య సహితం

మూలం:
26. రాజు డి2 ?? … ఏ4 ??

అవతారిక: 2014 నవంబరు 15న సోచి నగరంలో, ప్రపంచ చదరంగ పోటీ ఆరో ఆటలో వెలసిన ద్విపాద కావ్యమిది. పూర్వపాదం తెల్లపావుల మాగ్నస్ కార్ల్‌సన్‌ది, ఉత్తరపాదం నల్లపావుల విశ్వనాథన్ ఆనంద్‌ది. జంటకవులు మనకు కొత్త కాదు. ఒకరి దోషాన్ని మరొకరు అంతకంటే పెద్ద దోషంతో కప్పిపెట్టిన జంట మాత్రం అరుదు. అప్పటికి లెక్క 2.5–2.5, సమానం. మంత్రులిద్దరూ తొమ్మిదో ఎత్తుకే బల్ల దిగిపోయారు.

ప్రతిపదార్థం: 26. = అంతకుముందు ఇరవై అయిదు ఎత్తులు మర్యాదగా నడిచినవని సూచన; రాజు = సి1 గడిలో సుఖంగా ఉన్న తెల్లరాజు; డి2 = ఆ పేరుగల గడికి (వెళ్ళెను అని అధ్యాహారం); ?? = అయ్యో; … = ఇక నల్లవారి వంతు; ఏ4 = ఏ5లోని బంటు ఒక గడి ముందుకు; ?? = అయ్యయ్యో.

తాత్పర్యం: ఉత్తరపాదంలో బంటు కాదు, గుర్రం కదలవలసింది. ఆ గుర్రం జి6లో ఉంది. దాని వెనక జి8లో సొంత ఏనుగు, ఎదురుగా జి4లో తెల్ల ఏనుగు. గుర్రం వెళ్ళి ఈ5లోని తెల్లబంటును తినాలి. ఆ బంటుకు హెచ్5 నుంచి రెండో తెల్ల ఏనుగు కాపలా ఉన్నది గనుక పామరుడు దాని జోలికి పోడు. అయితే గుర్రం తప్పుకోగానే జి వరుస తెరుచుకుని ఏనుగుకు ఏనుగు ఎదురుపడుతుంది. తెల్లవారు గుర్రాన్ని తింటే జి4 ఏనుగు పోతుంది. అందుకని జి8లోని ఏనుగునే తింటారు. నల్లవారు వెంటనే తిరిగి తినరు. చమత్కారమంతా ఇక్కడే ఉంది. గుర్రం ముందుగా సి4 బంటును తింటూ రాజుకు చెక్ చెబుతుంది. రాజు డి3కి వస్తే, బి2కి దూకి మళ్ళీ చెక్. రాజు ఇంకోసారి జరిగాక, హెచ్8 ఏనుగు తీరిగ్గా వచ్చి జి8లో పాతబాకీ వసూలు చేసుకుంటుంది. రెండు బంట్లు లాభం. రాజు డి2కి కాక డి1కి వెళ్ళి ఉంటే సి4 దగ్గర చెక్కే లేదు, ఈ కథా లేదు. ఒక్క గడి తేడా.

శంక: అయిదుసార్లు ప్రపంచ విజేత అయినవాడికి ఇంతమాత్రం కనబడదా?

సమాధానం: కనబడింది, ఏ4 ఆడేశాక. కార్ల్‌సన్‌కూ అంతే, డి2లో రాజును వదిలేశాక. ఈ సంగతి ఆట తర్వాత ఇద్దరూ తమ నోటితోనే చెప్పారు. ఎదుటివాడు కానుక ఇస్తాడని అనుకోనప్పుడు చెయ్యి చాపం అన్నది ఆనంద్ చెప్పుకున్న దాని సారం. అవతల కూర్చున్నది కార్ల్‌సన్, పైగా అప్పటిదాకా తను కాచుకుంటూ ఉన్న స్థితి. అలాంటప్పుడు మనసు ప్రమాదాలను వెతుకుతుంది గాని అవకాశాలను వెతకదు. ఇది జ్ఞానలోపం కాదు, ఆకాంక్షాలోపం అని మా సిద్ధాంతం.

పూర్వప్రయోగం: 2006లో బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే యంత్రంతో ఆడుతూ, అప్పటి ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ తన మంత్రిని ఈ3కి నడిపాడు. మరుసటి ఎత్తులోనే హెచ్7లో మాట్. అక్కడ యంత్రం కానుక పుచ్చుకుంది. దానికి ఎదుటివాడెవరో పట్టదు మరి.

వ్యాఖ్యాతల విషయం: మూలంలో లేనిది రాయనని మన సంస్కృత కావ్య వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి ప్రతిన పూనాడు. ఎత్తులు లెక్కగట్టే కంప్యూటరు ఇంజిన్ అనే నవీన వ్యాఖ్యాత సరిగ్గా ఇందుకు విరుద్ధం. మూలంలో ఉన్నదాన్ని ఒక అంకె వేసి పక్కకు నెట్టి, ఆడనివాటినే పేజీలకొద్దీ రాస్తుంది. గుర్రం ఈ5ను క్షణంలో చూపిస్తుంది. ఆ క్షణాన చెయ్యి ఏ బంటు మీదికి ఎందుకు పోయిందో మాత్రం చెప్పలేదు. అది ఆడినవాడే చెప్పాలి. ఆటగాడు తన ఆటలను తానే విశ్లేషించి, నలుగురూ తప్పులెంచేలా అచ్చువేయించాలని మాజీ ప్రపంచ విజేత బోత్విన్నిక్ పట్టుబట్టింది ఇందుకే. ఈ రోజుల్లో పిల్లలు ఆట ముగిసి హాలు దాటకముందే ఫోను తెరిచి ‘తప్పు ఇదీ’ అని తెలుసుకుంటున్నారు. అది మార్కుల పట్టిక, టీక కాదు. స్కోరుషీటు మార్జిన్‌లో ముందు సొంత మాటల్లో, ఇక్కడ ఏమనుకున్నాను, దేనికి భయపడ్డాను అని రాసుకుని, ఆ తర్వాతే ఇంజిన్ పెట్టాలి. ఇంట్లో పిల్లలు టోర్నమెంట్లు ఆడుతుంటే తల్లిదండ్రులు ఈ ఒక్కటీ పట్టించుకుంటే చాలు.

ఫలశ్రుతి: తెల్లవారు 38వ ఎత్తుకు ఈ ఆట గెలిచారు. పోటీ పదకొండో ఆటతో 6.5–4.5గా ముగిసి, కిరీటం కార్ల్‌సన్ దగ్గరే ఉండిపోయింది.

విజ్ఞప్తి: ఈ టీకలో వ్యాకరణ దోషాలుంటే విజ్ఞులు సవరించుకోగలరు. గుర్రం ఈ5 మాత్రం బల్ల పరిచి, పావులు పేర్చి చూసుకునే రాశాం.