టీకి ముందు టీక

భోంపు కూయు మునుపె పుడిసెడుదకమిచ్చి
టీకి పిలుచువాని ఠీవి చూడు!
మందదేహులెల్ల మంచమ్ము దిగకున్న
సూర్యుఁ డాగఁ డయ్య సుబ్బరాయ!

అవతారిక: జంషెడ్‌పూర్‌ కదమా క్వార్టర్లలో ఏ, బీ, సీ షిఫ్టుల మధ్య సంధ్యావందనాన్ని ముప్ఫై ఏళ్ళు ఈడ్చుకొచ్చిన మా మేనమామ, రిటైరైన రోజు సాయంత్రం పాత పంచాంగం అట్ట వెనకాల రాసుకున్న ఏకైక పద్యమిది. లోకోపకారం కోసం దీనికి టీక రాస్తున్నాను. లోకం అడగలేదు.

ప్రతిపదార్థం: భోంపు = కంపెనీ సైరను; కూయు మునుపె = కూయకముందే; పుడిసెడు = ఒక అరచేతికి పట్టినంత; ఉదకము = నీళ్ళను; ఇచ్చి = సూర్యుడికి సమర్పించి; టీకి పిలుచువాని = టీ ఏదని వంటింటివైపు కేకేసేవాని; ఠీవి = దర్జా; చూడు = చూడు; మందదేహులెల్ల = ఒళ్ళు బరువెక్కినవారందరూ (వ్యాఖ్యాతతో సహా); మంచమ్ము దిగకున్న = మంచం దిగకపోయినా; సూర్యుఁడు ఆగఁడు = సూర్యుడు ఆగడు; సుబ్బరాయ = ఈ పేరుగలవాడు మా వంశంలో గాని ఆ వీధిలో గాని లేడు. సూర్యుడికి యతి కుదరాలి గనక పుట్టాడు.

తాత్పర్యం: తెల్లారగట్టే లేవాలని.

విశేషాలు: అర్ఘ్యం దోసిలితో కదా ఇస్తారు, పుడిసెడేమిటని శాస్త్రజ్ఞులు అడగవచ్చు. భోంపుకు యతి ‘పు’తో కుదిరింది, ‘దో’తో కుదరదు. నీళ్ళకు మాత్రం లోటు లేదు. ఆ ఊరి కుళాయిలో వచ్చేది సువర్ణరేఖ నీరే గనక నదీతీరం స్నానాలగదిలోకే నడిచివచ్చింది.

‘మందదేహులు’ అన్నచోట శ్లేష ఉంది. సూర్యుడిమీదికి ఎగబడే మందేహులనే రాక్షసుల గురించి తైత్తిరీయ ఆరణ్యకం చెబుతుంది. అర్ఘ్యజలం వజ్రమై వాళ్ళను ఎత్తి ఒక ద్వీపంలో పడేస్తుందట. మావయ్య చిన్న అక్షరం చేర్చి ఆ రాక్షసుల్ని దుప్పటికింద చూపించాడు. వ్యాకరణం ఒప్పుకోకపోయినా చలికాలం ఒప్పుకుంటుంది.

ఇక అసలు చిక్కు కాలం. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె పోసిన టాటావారి ఉక్కు కంపెనీ టిస్కో, ఆ ఏడే ఎనిమిది గంటల పనిదినం పెట్టింది. మూడెనిమిదులు ఇరవైనాలుగు: ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. ఋషులవి త్రిసంధ్యలు, కంపెనీవి మూడు షిఫ్టులు. ఒకదానిమీద ఒకటి ఎక్కడా కుదురుగా కూర్చోవు. బీ షిఫ్టులో సాయంసంధ్య గేటు లోపలే అస్తమిస్తుంది. సీ షిఫ్టులో మరీ విడ్డూరం. ఆ రోజుల్లో రాత్రిపూట కరిగిన స్లాగు పారబోస్తే ఆకాశమంతా ఎర్రబడేదట. అది ఏ సంధ్య? ధర్మశాస్త్రాలు దీన్ని చర్చించలేదు. నిత్యాగ్నిహోత్రం విషయంలో మాత్రం మా ఇంటికన్నా బ్లాస్ట్ ఫర్నేసే నిష్ఠగలది. దాన్ని ఏళ్ళ తరబడి ఆరనివ్వరు.

బెజవాడలో అచ్చయిన పంచాంగం అక్కడ అక్కరకు రాదు. జంషెడ్‌పూర్‌ బెజవాడకు బాగా తూర్పున, ఉత్తరాన ఉంది గనక జూన్‌లో గడియారం 5 దాటగానే పొద్దు పొడుస్తుంది, బెజవాడకన్నా అరగంట ముందే. డిసెంబరులో సూర్యుడు 6.20 దాకా రాడు. అంటే ఏ షిఫ్టువాడు చలికాలంలో చుక్కలుండగానే అర్ఘ్యమిచ్చి ఉత్తమ ఫలం కొట్టేస్తాడు, వేసవిలో అయిదున్నరకు లేచి వేళ మీరిన దోషానికి ప్రాయశ్చిత్తంగా నాలుగో అర్ఘ్యం ఇస్తాడు. మావయ్య దాన్ని ‘ఓవర్‌టైం’ అనేవాడు. ఓవర్‌టైంకి కంపెనీ డబ్బులిస్తుంది, ఇక్కడ ఎదురు కట్టాలి.

‘ఠీవి’ గురించి ఒక మాట. సంధ్యావందనంలో మావయ్య ఠీవిగా తలచుట్టూ చిటికెలు వేసి దిగ్బంధనం చేసేవాడు. అది మనకే సొంతమనుకునేవాణ్ణి, కాదట. 1888లో లండన్‌లో గోల్డెన్ డాన్ అనే మంత్రసాధకుల సంఘం పుట్టింది. ఐరిష్ కవి యేట్స్ 1890లో అందులో చేరాడు. వాళ్ళూ తూర్పుకు తిరిగి, నుదురూ రొమ్మూ భుజాలూ ముట్టుకుని, నాలుగు దిక్కులా అయిదుకోణాల చుక్కలు గీసి, దిక్కుకొక దేవదూతను కాపలా పెట్టేవారు. న్యాసం, దిగ్బంధం, అంతా మనదే వరస. ఇది చెబితే మావయ్య ఒక్కటే అడిగాడు: “వాళ్ళకీ షిఫ్టులున్నాయా?”

ఫలం ఏమిటని నేనూ ఆయన్ని అడిగాను. సిద్ధులు, ఆయుష్షు, తేజస్సు అంటాడనుకున్నాను. “ముప్ఫై ఏళ్ళు నా రోజంతా భోంపు ప్రకారం నడిచిందిరా. ఆ పది నిమిషాలకి మాత్రం సూర్యుడు టైమ్‌కీపరు, హాజరు వేసుకునేది నేను. వెళ్ళకపోయినా ఎవడూ జీతం కోయడు. అందుకే మానబుద్ధి కాలేదు” అన్నాడు. గాయత్రి ఎన్నిసార్లంటే మంచిరోజు నూటెనిమిది, బస్సు హారన్ వినబడితే పది.

పూర్వపక్షం: ఈ టీకను మా అత్తయ్యకు చదివి వినిపించాను. రెండో పాదం దగ్గర ఆపమంది. “ఒరే, ఆయన అయిదున్నరకి చెంబు పట్టుకునేవారు, నిజమే. నాలుగున్నరకి లేచి బొగ్గుల కుంపటి రాజేసి, ఆ చెంబు తోమి, నీళ్ళు పట్టి, టీకి ఎసరు పెట్టిందెవరు? మధ్యలో ఠీవి ఆయనదా?”

ఈ పూర్వపక్షానికి సిద్ధాంతం రాయడానికి వ్యాఖ్యాత గడువు అడిగాడు. అత్తయ్య ఇవ్వలేదు. మావయ్య పేపరు తిరగేస్తూ, టీ ఏదీ అన్నాడు.