చుట్టమై వచ్చిన చుట్ట

మా బావమరిది డాలస్ నుంచి వస్తూ నాకో చెక్కపెట్టె తెచ్చాడు. మిఠాయి అనుకుని మూత తీశాను. లోపల దేవదారు వాసనలో, పురిటి గదిలో పిల్లల్ని పడుకోబెట్టినట్టు, వరసగా అయిదు సిగార్లు.

"డొమినికన్ రిపబ్లిక్ సరుకు బావగారూ. ఒక్కోటీ పది డాలర్లు" అన్నాడు, వంటింట్లో ఉన్న వాళ్లక్క చెవిన పడకుండా.

నేను పన్నెండేళ్ల కిందటే సిగరెట్టు మానేసినవాణ్ని. మానేశానని అందరికీ చెప్పుకోవడం మాత్రం ఇంకా మానలేదు. అంచేత ఆ పెట్టె బీరువా అడుగున, పాత ఇన్‌కంటాక్సు కాగితాల కింద చేరింది. మా ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు. ఆ కాగితాల జోలికి ఎవరూ పోరు, నాతో సహా.

కొన్ని నెలల తర్వాత మా ఆవిడ మేనకోడలి పెళ్లికని పుట్టింటికి వెళ్లింది. బుధవారం వెళ్లడం, మళ్లీ మంగళవారం రావడం. శనివారం దాకా నేను బుద్ధిగానే ఉన్నాను. ఆ రాత్రి వాన పట్టుకుంది. వాన, ఖాళీ ఇల్లు, బీరువా తాళంచెవి, ఈ మూడూ ఒకచోట చేరితే ఋషులకే కష్టం.

పెట్టె తెరిచాక తెలిసింది, సిగారు కాల్చడం అగ్గిపుల్ల గీసినంత తేలిక కాదని. మన చుట్టకు రెండు కొసలూ తెరుచుకునే ఉంటాయి. సిగారుకు నోట్లో పెట్టుకునే కొసన ఆకుతోనే అంటించిన టోపీ ఒకటుంటుంది. దాన్ని కోయడానికి ప్రత్యేకంగా కత్తెర ఉంటుందట. బావమరిది అది తేలేదు. ఇల్లంతా వెతికి చివరికి మా ఆవిడ అడకత్తెర తీశాను. అత్తవారి సారెలో వచ్చిన ఆ అడకత్తెర, పది డాలర్ల సిగారు తలను వక్కను నొక్కినట్టు టక్కున తెంపింది. అడకత్తెరలో పోకచెక్క అయ్యేది నేనేనని అప్పటికి తెలియదు.

బాల్కనీలోకి జల్లు కొడుతోంది. పైగా పై ఫ్లాటు మామ్మగారి ముక్కు సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో ఇంగువ డబ్బా మారిస్తే ఆవిడకు తెలుస్తుంది. అందుకని కిటికీలు బిగించి, తలుపు కింద తువ్వాలు దోపి, ఏసీ వేసి, హాల్లో సోఫాలో కూర్చున్నాను. బూడిదకు దీపావళి ప్రమిద. అగ్గిపెట్టె దేవుడి గదిది. ఒక్క సిగారుకు ఇన్ని పాపాలు ఎలా కూడగట్టానా అని ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది.

మొదటి పావుగంట నేను జమీందారుని. రెండో పావుగంటలో తల తిరుగుతున్న జమీందారుని. పొగ గుండెల్లోకి పీల్చడం లేదు కదా అని ధీమాగా ఉన్నాను. సిగారు పొగకు క్షారగుణం ఎక్కువనీ, అందువల్ల నికొటిన్ నోటి పొరల్లోంచే రక్తంలోకి ఎక్కుతుందనీ, పెద్ద సిగారు ఒక్కదాంట్లో సిగరెట్ల పాకెట్టంత పొగాకు ఉండొచ్చనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. పన్నెండేళ్లుగా కూడబెట్టిన పుణ్యాన్ని గంటా పది నిమిషాల్లో ఖర్చుపెట్టి, గోడ పట్టుకుని వెళ్లి పడుకున్నాను.

తెల్లారి లేచి గట్టిగా వాసన చూశాను. ఏమీ లేదు. నా అదృష్టానికి నేనే మురిసిపోతూ తలుపు తీశాను. పనిమనిషి గడప అవతలే ఆగిపోయింది.

"ఏంది సారూ, వైర్లు గిట్ల కాలినయా?"

"లేదే!"

"మరి ఎలుక సచ్చిందా?"

పది డాలర్ల సిగారుకు దక్కిన తొలి సమీక్ష అది.

ముక్కు గుట్టు నాకు అప్పుడు తెలిసింది. అది కాపలాకుక్క లాంటిది. కొత్తవాడు గుమ్మంలోకి వస్తే మొరుగుతుంది. వాడే కాసేపు కూర్చుంటే తోక ఊపుతుంది. రాత్రంతా ఆ పొగలోనే పడుకున్న నా ముక్కుకు అది ఇంటిమనిషైపోయింది. కాబట్టి వాసన పోయిందో లేదో తేల్చే హక్కు ఇంట్లోవాడికి లేదు, బయటి ముక్కు కావాలి. పనిమనిషి ముక్కు ఒకటి ఉండనే ఉంది. రెండోదిగా వాచ్‌మన్ ముక్కును నియమించుకున్నాను.

మొదటి వైద్యం మనందరికీ తెలిసిందే. అగరొత్తులు కట్టంతా వెలిగించాను. సాంబ్రాణి వేశాను. కర్పూరం వెలిగించాను. నేలంతా రెండుసార్లు ఫినాయిలుతో తుడిచాను. తర్వాత నీళ్ల ట్యాంకరు సంగతి అడిగే నెపంతో వాచ్‌మన్‌ని పైకి పిలిచాను. అతను లోపలికి వస్తూనే చేతులు జోడించబోయి, మధ్యలో ఆగి అటూ ఇటూ చూశాడు.

"గుళ్లో ఎవరో చుట్ట కాల్చినట్టుంది సార్" అన్నాడు.

వాసన మీద వాసన వేయడమంటే అప్పు తీర్చడానికి మరో అప్పు చేయడమే. రెండూ మిగులుతాయి. కన్యాశుల్కంలో గిరీశం దగ్గర వెంకటేశం చుట్ట కాల్చడం నేర్చుకున్నాడు. కాల్చాక ఏం చెయ్యాలో ఆ మహానుభావుడు కూడా నేర్పలేదు. ఇక నేనే చదువుకోవాల్సి వచ్చింది.

చదివితే తేలిందేమిటంటే, పొగ గాల్లోంచి పోయినా ఇంట్లోంచి పోదు. అందులోని నికొటినూ, తారు జిగురూ గోడలకూ తెరలకూ సోఫాలకూ అంటుకుని, వారాల తరబడి, ఒక్కోచోట నెలల తరబడి, కొద్దికొద్దిగా మళ్లీ గాల్లోకి వస్తూంటాయి. దీన్ని థర్డ్ హ్యాండ్ స్మోక్ అంటున్నారు. అంటే మొదటి పొగ కాల్చినవాడికి, రెండోది పక్కన కూర్చున్నవాడికి, మూడోది ఆ రోజు ఊళ్లోనే లేనివాళ్లకు. నేల మీద పాకుతూ చేతికందింది నోట్లో పెట్టుకునే పసివాళ్లకు ఇది మరీ చెరుపు. మా మనవడు బెంగుళూరులో ఉన్నందుకు నేను సంతోషించిన రోజు అదొక్కటే. చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకుందని సామెత. చుట్టకూ చుట్టానికీ తేడా ఒక్క సున్నాయేనని ఈ వయసులో తెలిసింది.

అన్నిటికన్నా పెద్ద ద్రోహం ఏసీ చేసింది. పొగను అది బయటికి తోలేస్తుందని నా నమ్మకం. ఇళ్లలో ఉండే మామూలు స్ప్లిట్ ఏసీకి అలాంటి ఉద్దేశం ఏమీ లేదు. గదిలో గాలినే లోపలికి పీల్చి, చల్లబరిచి, తిరిగి గదిలోకే ఊదుతుంది. అంటే ఆ రాత్రి సిగారు కాల్చింది నేనొక్కణ్నే కాదు, ఇద్దరం. నేను ఒక్కటితో ఆపేశాను. అది మాత్రం స్విచ్ వేసినప్పుడల్లా గుప్పుమని వదులుతోంది. ఫిల్టరు తీసి కడిగాను. గుప్పు కాస్త తగ్గింది గానీ పోలేదు. మెకానిక్ వచ్చి ఏసీ మూత తీసి చూసి, "కాయిల్ మొత్తం పట్టేసింది సార్, సర్వీసింగు చెయ్యాల్సిందే" అన్నాడు. సిగారు ఖరీదు అక్కడికి రెట్టింపయింది.

అతను అటు వెళ్లగానే ఎదురు ఫ్లాటు పెద్దాయన ఇటు వచ్చాడు. మా తలుపు దగ్గర నిలబడి కళ్లు మూసుకుని గాఢంగా ఊపిరి తీసుకున్నాడు.

"ఏమండోయ్, ఇంకొకటుందా?" అన్నాడు మెల్లిగా.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడన్న సామెత చిన్నప్పటి నుంచి వింటున్నాను. అడిగినవాడి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. చాలా అమాయకంగా ఉంటుంది.

సోమవారం సెలవు పెట్టాను. తెరలు ఎనిమిది, మిషన్‌లో మూడు విడతలు. సోఫా మీద వంటసోడా చల్లి, సాయంత్రం దులిపాను. గిన్నెల్లో వెనిగర్ పోసి మూల మూలా పెట్టాను. పొగలో వాసన కొట్టే వాటిల్లో కొన్ని క్షారాలు కాబట్టి ఆమ్లం వాటి పొగరు కొంత అణుస్తుందని లెక్క. ఫ్యాను రెక్కలు తుడిస్తే వచ్చిన దుమ్ము సిగారుది కాదు, మూడేళ్లది. అయినా వాసన దానికీ పట్టింది. ఇస్త్రీ బండివాణ్ని బొగ్గులడిగి తెచ్చి బీరువాలో పెట్టాను. కిటికీలన్నీ బార్లా తెరిచాను. వీటన్నిటిలోకీ బాగా పనిచేసింది ఈ చివరిదే, పైసా ఖర్చు లేనిది, శనివారం రాత్రి నేను చేయనిది.

ఇంత చేసి అలిసిపోయి టీ పెట్టుకున్నాను. గుక్క తాగి కప్పు దించేశాను. టీపొడి డబ్బా మూత వదులు. టీపొడి ఏ వాసననైనా ఇట్టే పీల్చుకుంటుంది. పాలు, చక్కెర, యాలకులు, డొమినికన్ రిపబ్లిక్.

మా తాతయ్యకు ఈ అవస్థ ఎందుకు రాలేదా అని ఆలోచించాను. ఆయన రోజుకు అయిదారు చుట్టలు కాల్చేవాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక అరుగు మీద కూర్చుని, ఆకు మీద నీళ్లు చిలకరించి, ఈనె చీల్చి తీసేసి, తొడ మీద పెట్టి చుట్టి, కొసకు దారం కట్టేవాడు. చుట్ట వెలిగాక ఆయన గడప దాటి లోపలికి రాకూడదన్నది అమ్మమ్మ చట్టం. వాన వచ్చినా, చలి వేసినా, జ్వరం తగిలినా సరే, చుట్టకు అరుగే. పెంకుటింట్లో పెంకుల సందుల నుంచి ఇల్లే ఊపిరి తీసుకునేది, ఆ మీదట ఈ చట్టం. మా ఫ్లాటుకు పార్కింగు ఉంది, జిమ్ముంది, అరుగు లేదు. అరుగు మనం అతిథుల కోసం కట్టుకున్నామనుకుంటాం. అమ్మమ్మలు దాన్ని తాతయ్యల కోసం కట్టించారు.

మంగళవారం పొద్దున పనిమనిషి ముక్కు, వాచ్‌మన్ ముక్కు రెండూ నన్ను పాస్ చేశాయి. సాయంత్రం మా ఆవిడ గుమ్మంలో సూట్‌కేసు దించింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ తీసుకుంది.

"తెరలు ఉతికారా?"

"దుమ్ము పట్టాయని."

"ఫ్యాను కూడా తుడిచారు!"

"ఊరికే కూర్చుని ఏం చెయ్యను మరి?"

ముప్ఫై ఒక్కేళ్ల కాపురంలో నేను ఊరికే కూర్చోకపోవడం ఇదే మొదటిసారి. ఆ సంగతి ఆవిడ పైకి అనలేదు. కాళ్లు కడుక్కొచ్చి, పెళ్లి తాంబూలంలో వచ్చిన వక్క ఒకటి తీసుకుని, అడకత్తెర అందుకుంది. దాని నోరంతా ఎర్రగా తుప్పు. ఇనప అడకత్తెరను సబ్బుతో కడిగి తడి తుడవకుండానే డబ్బాలో పెట్టానని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

నేను మరిచిపోయిన విషయం ఇంకొకటుంది. ఆవిడది కోనసీమలో లంక ఊరు. గోదారి వరదకు తేలిన ఒండ్రు మట్టిలో పండే లంక పొగాకు వాళ్ల నాన్న చుట్ట. పుట్టి పెరిగిందే ఆ వాసనలో.

"మా నాన్న కాల్చేది కాదు. లంక పొగాకు ఘాటే వేరు. ఇది మెత్తగా ఉంది. తమ్ముడిచ్చాడా?"

1887లో వచ్చిన తొలి షెర్లాక్ హోమ్స్ నవలలో హోమ్స్ నేల మీద బూడిద చూసి, అది తిరుచినాపల్లి చుట్టదని చెప్పేస్తాడు. ఆయనకు బూడిదన్నా కావలసి వచ్చింది. మా ఆవిడకు ఇంట్లో ఎక్కడా దుమ్ము లేకపోవడమే సరిపోయింది.

"ఎన్ని మిగిలాయి?"

"నాలుగు."

"ఇలా తెండి."

బాల్కనీలో మందారానికి పిండినల్లి పట్టి నెల దాటింది. వాళ్ల నాన్న పొగాకు కాడలు నానబెట్టి ఆ నీళ్లు పాదులకు చల్లేవాడట. నా కళ్లెదురుగానే, అదే అడకత్తెరతో, నాలుగు సిగార్లనూ ముక్కలు చేసి బకెట్లో నానబోసింది. నలభై డాలర్ల కషాయం. తెల్లారేసరికి బకెట్లో నీళ్లు ముదురు డికాక్షన్‌లా దిగాయి. వడకట్టి, సీసాలో పోసి, కొమ్మ కొమ్మకూ తీరిగ్గా కొట్టింది. చెక్కపెట్టెలో అప్పటికే సూదులూ బొత్తాములూ సర్దేసింది.

కాసేపటికి బాల్కనీ, ఆ వెనక పడగ్గది, ఘుమఘుమ.

"వాసనొస్తోందే!" అన్నాను.

"నాకేం రావడం లేదు" అంది.

అంతలో పై బాల్కనీలోంచి మామ్మగారి గొంతు.

"ఏమ్మాయ్, మీ ఇంట్లో ఎవరైనా చుట్ట కాలుస్తున్నారా?"

మా ఆవిడ నా వంక ఓసారి చూసి, తలెత్తి చెప్పింది.

"ఆయన కాదండీ మామ్మగారూ, మందారం."