తడవని గది కావలెను!

ఏప్రిల్ 13 నుంచి 15 దాకా బ్యాంకాక్‌లో సొంగ్‌క్రాన్. థాయ్ కొత్త సంవత్సరం, నీళ్ళ పండగ. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలోకీ ఎక్కింది. ఇక చూసి తీరాల్సిందేనని మనవాళ్ళు సంక్రాంతి పిండివంటలు అయిపోకముందే హోటళ్ళ వేటలో పడతారు. షరతులు చూడండి: పండగ జరిగే సీలోం రోడ్డు మీదే ఉండాలి, గోల వినపడకూడదు. కిటికీలోంచి జనం కనపడాలి, కిందికి దిగితే చుక్క మీద పడకూడదు. పొద్దున్నే ఇడ్లీ ఉండాలి. ఈ ఒక్కదాంట్లో బేరాల్లేవు.

తీరా వెళ్ళాక టాక్సీ వీధి మొదట్లోనే దించేస్తుంది, రోడ్డు మూసేశారు మరి. అక్కణ్ణుంచి పెట్టెలు లాక్కుంటూ నీటి తుపాకుల మధ్య ఊరేగింపే. సాయంత్రానికి రివ్యూ సిద్ధం: ‘గది బాగుంది. బయట నీళ్ళు చల్లుతున్నారు. ఒక్క స్టారే ఇస్తున్నాం.’

అసలు తమాషా వేరే ఉంది. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే, సొంగ్‌క్రాన్‌కి బ్యాంకాక్ వాసులు చాలామంది సొంతూళ్ళ బస్సెక్కేస్తారు. అక్కడ బుద్ధ విగ్రహాల మీద, పెద్దల చేతుల మీద సుగంధజలం పోసి దీవెనలు అందుకుంటారు. ఇక్కడ సీలోంలో మన గుంటూరాయన ఓ ఢిల్లీవాలాను నిలువునా తడిపి, ‘ఏం సంస్కృతండీ థాయ్‌వాళ్ళది!’ అంటూ సెల్ఫీ పెడతాడు. ఢిల్లీవాలా కూడా అదే ఫొటో పెట్టుకున్నాడు. కింద రాసిన మాట: ‘స్థానికులతో.’