లేక్ వ్యూ

ఏలూరు పొలిమేరలో విల్లా కొన్న మిత్రుడు గృహప్రవేశానికి పిలిచాడు. ‘అచ్చం పల్లె వాతావరణం అన్నయ్యా!’ అని ఊరించాడు. వెళ్లే దారిలో సత్రంపాడు తగిలింది. ఆ ఊరికి పేరులోనైనా సత్రముంది. మావాడి గేటు దగ్గర ఓటీపీ చెప్పనిదే చుట్టానికి కూడా దారి లేదు.

విల్లాల పేరు ‘లేక్ వ్యూ’. కొల్లేరు కనిపిస్తుందేమోనని డాబా ఎక్కాను. పక్క లేఅవుట్‌లో నిలిచిన వాన నీళ్లు, అందులో ఓ కొంగ.

పాపం, అసలు లేకు గతేమిటి? 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కించారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లకేం, మళ్లీ లేచాయి. మావాడికీ అటువైపు రెండు చెరువులున్నాయి, విల్లా వాటి చలవే.

భోజనాల వేళ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అతగాడే మెసేజ్ పెట్టాడు: ‘ఎవరింట్లోనో చేపల పులుసు. నీచు వాసన భరించలేకపోతున్నాం. కిటికీలు మూసుకోగలరు.’

తిరిగొస్తుంటే పాత ఊరి గేదె ఒకటి గేటు ముందు తీరిగ్గా పేడ వేసింది. సెక్యూరిటీ కుర్రాడు పరుగెత్తుకొచ్చి దాన్ని అదిలిస్తూ, అలవాటుగా అడిగేశాడు: ‘ఏ విల్లాకండీ?’