ఏటా కొత్త అల్లుడే

2018 జనవరి 6న క్లీవ్‌లాండ్‌లో ఒక ఊరేగింపు జరిగింది. ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి ముక్కులు మొద్దుబారిపోతున్నాయి. అయినా వేలమంది వచ్చారు. నారింజ రంగు టోపీలు, కుక్క మొహాల మాస్కులు, చేతుల్లో అట్టముక్కల మీద రాసుకొచ్చిన వెటకారాలు. అందరూ కలిసి స్టేడియం చుట్టూ ప్రదక్షిణ చేశారు. ఆ దారి గుండ్రంగా, సున్నాలా ఉండాలని నిర్వాహకులు పట్టుబట్టి మరీ గీశారు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్ ఆ సీజన్‌లో 16 మ్యాచ్‌లు ఆడి పదహారూ ఓడింది మరి. ఊరేగింపుకి పెట్టిన పేరు ‘పర్ఫెక్ట్ సీజన్ పరేడ్’. ఒక్క మచ్చ కూడా లేని సీజన్ కదా!

నిజానికి ఈ ఉత్సవం ఏడాది ముందే జరగాల్సింది. 2016లో జట్టు వరసగా 14 మ్యాచ్‌లు ఓడింది. ఊరేగింపుకి చందాలు కూడా పోగయ్యాయి. తీరా డిసెంబర్ 24న ఛార్జర్స్ మీద 20-17తో గెలిచి కూర్చుంది. కార్యక్రమం రద్దయింది, డబ్బు పేదల ఆకలి తీర్చే ఫుడ్ బ్యాంకుకి వెళ్లింది. ఓడిపోవడమైనా సవ్యంగా చేతకాలేదని అభిమానులు తిట్టుకున్నారు. మరుసటేడు జట్టు ఆ లోటు తీర్చింది.

ఆ రెండేళ్లూ కోచ్ హ్యూ జాక్సన్. మళ్లీ ఒకటే గెలిచి పదిహేను ఓడే పరిస్థితి వస్తే సరస్సులో దూకుతానని ఆయన ముందే మాటిచ్చాడు. లెక్కప్రకారం చూస్తే ఆ మాట వర్తించదు, ఆ ఒక్కటీ గెలవలేదు కాబట్టి. అయినా పెద్దమనిషి తప్పించుకోలేదు. 2018 జూన్ 1న ఈరీ సరస్సులో మునిగి లేచాడు. పాపాలు కడుక్కున్నాడని కొందరన్నారు. సరస్సు పాడైందని మిగతావాళ్లన్నారు.

ఇలాంటి ఊళ్లో జనం ఇంకా టికెట్లెందుకు కొంటారని అడిగితే సమాధానం ఒక్కటే: ఏప్రిల్.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ. బంతి చేత్తో విసురుతారు, ఒంటితో గుద్దుకుంటారు. మొత్తం 32 జట్లు. ఎంత చెత్తగా ఆడినా కింది శ్రేణికి దిగజారే భయం లేదు. పైగా బహుమానం ఉంది. ఏటా ఏప్రిల్‌లో కాలేజీ కుర్రాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుకి మొదటి ఎంపిక. పరీక్ష తప్పినవాడికి ముందు భోజనం వడ్డించినట్టు. పదహారు ఓడినవాడి ఇంటికే దేశంలోకెల్లా మంచి కుర్రాడు నడిచొస్తాడు. ఆ కుర్రాడు సాధారణంగా క్వార్టర్‌బ్యాక్ అయి ఉంటాడు. దాదాపు ప్రతి ఎత్తుగడలోనూ బంతి ముందుగా అతని చేతికే వస్తుంది. ఎవరికివ్వాలో, ఎటు విసరాలో తేల్చుకోవడానికి అతనికి రెండు మూడు సెకన్లుంటాయి. ఈలోగా నూటముప్ఫై కిలోల మనుషులు అతన్ని నేల కరిపించాలని ఉరికొస్తారు. వాళ్లను అడ్డుకోవడానికి అయిదుగురు గోడకట్టి నిలబడతారు. ఆ గోడని ‘లైను’ అంటారు. ఓడే ఊళ్లలో ఆ గోడకి కిటికీలెక్కువ.

డ్రాఫ్ట్‌కి ముందు జరిగే తంతు మన పెళ్లిచూపుల్ని మించిపోతుంది. ఇండియానాపొలిస్‌లో కుర్రాళ్లని వరసగా నిలబెట్టి ఎత్తు, బరువు, ఎగిరే ఎత్తు, 40 గజాల పరుగు అన్నీ రాసుకుంటారు. చివరికి అరచెయ్యి చాపించి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా టేపు పెడతారు. మనం జాన అంటామే, అదే. 2020లో జో బరో అనే క్వార్టర్‌బ్యాక్ జాన 9 అంగుళాలే వచ్చింది. దేశం దేశమంతా దాని మీద చర్చించింది. ఇంత చిన్న చేతుల్లోంచి బంతి జారిపోతుందేమో, రిటైరవ్వాలనుకుంటున్నానని అతనే నవ్వుతూ రాశాడు. రెండేళ్లు తిరక్కుండా ఆ చేతులతోనే సిన్సినాటి జట్టుని లీగ్ ఫైనల్‌కి, అంటే సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. జానలు కొలవడం మాత్రం ఆగలేదు. గుణం కొలిచే టేపు దొరికేదాకా ఉన్న టేపుతో సరిపెట్టుకోవాలి.

వచ్చిన కుర్రాడికి జరిగే మర్యాద అచ్చం కొత్త అల్లుడి మర్యాదే. విమానం దిగగానే కెమెరాలు, అతని పేరున్న జెర్సీలు, మొదటి ఆషాఢం దాకా అతనేమన్నా ముద్దే. మూడో ఓటమితో సణుగుడు మొదలవుతుంది. ఆరో ఓటమికి జాన గుర్తొస్తుంది.

క్లీవ్‌లాండ్‌కి ఈ వియ్యాల చరిత్ర పెద్దది. పాత జట్టుని యజమాని ఆర్ట్ మోడెల్ 1996లో బాల్టిమోర్‌కి తరలించేశాడు. పేరు, రంగులు, రికార్డులు మాత్రం ఊరికే దక్కాయి. సామాన్లన్నీ పట్టుకుపోయి ఇంటిపేరు వదిలేశారన్నమాట. వెళ్లిన జట్టు అయిదేళ్లకే సూపర్ బౌల్ గెలిచింది. బ్రౌన్స్ ఇప్పటివరకూ ఆ గడప తొక్కలేదు. 1999లో కొత్త బ్రౌన్స్ పుట్టినప్పుడు మొదటి ఎంపికతో క్వార్టర్‌బ్యాక్ టిమ్ కౌచ్ వచ్చాడు. అతని తర్వాత ఒక్కొక్కరే వస్తూ, పోతూ, ఆ స్థానంలో మ్యాచ్ మొదలెట్టినవాళ్ల సంఖ్య ఈ పాతికేళ్లలో 40 దాటింది. ఇదే లీగ్‌లో గ్రీన్ బే 1992 నుంచి 2022 దాకా దాదాపు ఇద్దరితోనే నెట్టుకొచ్చింది, ఫావ్ర్, రోడ్జర్స్. అది సంసారం. ఇది సత్రం. క్లీవ్‌లాండ్‌లో ఒక అద్దాల కిటికీలో కౌచ్ పేరున్న 2వ నంబరు జెర్సీని వేలాడదీసి, కొత్తవాడు వచ్చినప్పుడల్లా పాతపేరు కింద టేపు ముక్క అతికించి కొత్తపేరు రాసేవారు. చొక్కా పొడవు చాలక టేపు నేలవైపు జారింది.

వీళ్లలో బ్రాండన్ వీడెన్‌ని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. 2012లో 22వ ఎంపికగా వచ్చాడు. మిగతా కుర్రాళ్లకి ఇరవై ఒకటీ ఇరవై రెండూ ఉంటే ఇతనికి 28. అంతకుముందు కొన్నేళ్లు బేస్‌బాల్ ఆడి వచ్చాడు. తొలి మ్యాచ్ రోజున మైదానమంతా పరిచే భారీ జాతీయ జెండాని విప్పుతున్నారు. వార్మప్‌లో ఉన్న వీడెన్ పక్కకి తప్పుకోవడం ఆలస్యమైంది. జెండా అతన్ని కప్పేసింది. పాపం, దానికింద నుంచి వంగి వంగి బయటపడ్డాడు. కీడు శంకించేవాళ్లెవరైనా అక్కడే మ్యాచ్ ఆపేసేవారు. ఆపలేదు. అతను నాలుగు బంతులు ప్రత్యర్థుల చేతుల్లో పెట్టాడు. ఇంతా చేసి జట్టు ఓడింది ఒక్క పాయింటు తేడాతోనే, 17-16. క్లీవ్‌లాండ్ ఓటముల్లో ఇదో ప్రత్యేకత. ఆశ పూర్తిగా చావనివ్వవు.

ఇక ఆ 22 అంకె. 2007లో బ్రేడీ క్విన్‌ది 22వ ఎంపిక. 2012లో వీడెన్‌ది 22. 2014లో జానీ మాన్‌జీల్‌దీ 22. ముగ్గురూ నిలవలేదు. మూడోసారి అదే అంకె వచ్చినప్పుడు ఎవరైనా అడ్డుపడాల్సింది. మనవాళ్లయితే కనీసం పంచాంగం తీసేవారు.

ఇంకో క్వార్టర్‌బ్యాక్ వాట్సన్ కథ నవ్వు ఆపేసేది. 2017లో 12వ ఎంపిక క్లీవ్‌లాండ్ చేతిలో ఉంది. దాన్ని హ్యూస్టన్‌కి ఇచ్చేసింది. హ్యూస్టన్ ఆ ఎంపికతో డెషాన్ వాట్సన్‌ని తీసుకుంది. అయిదేళ్ల తర్వాత అదే వాట్సన్‌ని బ్రౌన్స్ మూడు మొదటిరౌండ్ ఎంపికలు ధారపోసి, ఆడినా ఆడకపోయినా దక్కే 230 మిలియన్ డాలర్లు రాసిచ్చి తెచ్చుకుంది. అప్పటికే ఇరవైమందికి పైగా మహిళలు అతనిపై లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు చేశారు. లీగ్ 11 మ్యాచ్‌ల నిషేధం వేసింది. చాలామంది అభిమానులకి ఓటమి బాధ అలవాటే, సిగ్గుపడడం కొత్త. ఆ తర్వాత గాయాలు. జేబు ఖాళీ, కుర్చీ ఖాళీ.

అతనికి చోటివ్వడానికి పంపేసింది బేకర్ మేఫీల్డ్‌ని. 2018 సెప్టెంబర్ 20 రాత్రి జెట్స్ మీద వెనకబడి ఉన్న మ్యాచ్‌లో ఈ మేఫీల్డే బెంచీ మీంచి లేచొచ్చి 21-17తో గెలిపించాడు. 635 రోజుల తర్వాత తొలి గెలుపు. గెలిచిన రోజే తెరుచుకుంటాయని ఓ బీరు కంపెనీ ఊళ్లో తాళాలేసి పెట్టిన ఫ్రిజ్‌లు ఆ రాత్రి తెరుచుకున్నాయి. ఉచిత బీరు కోసం అంతకాలం నిరీక్షించిన ఊరు చరిత్రలో మరొకటి ఉండకపోవచ్చు.

న్యూయార్క్ జెట్స్‌ది ఇంకో రకం బాధ. పేరు న్యూయార్క్, ఆట న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి ఇది ఇంటిపక్క జట్టే. అక్కడ పుట్టిన పిల్లలకి ఈ దరిద్రం బడిలోనే అంటుకుంటుంది. 1969 జనవరిలో జో నేమత్ ముందే గెలుస్తామని చెప్పి మరీ సూపర్ బౌల్ తెచ్చాడు. మళ్లీ ఆ మెట్టెక్కలేదు. 2020లో జట్టు 13 మ్యాచ్‌లు వరసగా ఓడింది. ఇంకో మూడు ఓడితే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక, దాంతో ట్రెవర్ లారెన్స్ ఖాయం. బంగారంలాంటి అల్లుడు. డిసెంబర్ 20న రామ్స్ మీద జెట్స్ 23-20తో గెలిచింది. ఆ పూట ఆ ఇళ్లల్లో సంభాషణ ఊహించుకోవచ్చు.

“గెలిచారుగా నాన్నా, మొహం అలా పెట్టావేం?”

“అదే నాన్నా, గెలిచేశారు!”

క్రికెట్ చూస్తూ పెరిగిన తండ్రికి ఈ ఏడుపు ఎలా అర్థమవుతుంది! లారెన్స్ జాక్సన్‌విల్‌కి పోయాడు. జెట్స్‌కి రెండో ఎంపికతో జాక్ విల్సన్ వచ్చాడు, మూడేళ్లకి వెళ్లిపోయాడు.

అల్లుడు వద్దు, అనుభవజ్ఞుడే ముద్దని 2023లో ఆరన్ రోడ్జర్స్‌ని తెచ్చుకున్నారు. సెప్టెంబర్ 11న జాతీయ జెండా పట్టుకుని పరిగెత్తుకుంటూ మైదానంలోకొచ్చాడు. జెట్స్ తరఫున నాలుగో ఎత్తుగడకే మడమ పైన నరం తెగింది. మూలిగే నక్క మీద తాటిపండు పడడం విన్నాం. ఈ నక్క చెట్టుని కొని పెరట్లో నాటించుకుంది.

ఈ ఊళ్ల బార్లలో జరిగే వాదన ఎక్కడైనా ఒక్కటే. తప్పు కుర్రాడిదా, ఇంటిదా? సాక్ష్యాలు చూస్తే తీర్పు కష్టమేం కాదు. జెట్స్‌లో ఉండగా సామ్ డార్నాల్డ్ 2019 అక్టోబర్‌లో 33-0తో చితికిపోతున్న మ్యాచ్ మధ్యలో తనకి దయ్యాలు కనిపిస్తున్నాయన్నాడు. చొక్కాకి మైకుంది, దేశమంతా వింది. అదే డార్నాల్డ్ 2024లో మిన్నెసోటాకి 14 విజయాలు తెచ్చాడు. అక్కడ దయ్యాల్లేవు. జీనో స్మిత్ జెట్స్‌లో ఉండగా 2015లో డ్రెస్సింగ్ రూమ్‌లో సొంత జట్టువాడే 600 డాలర్ల తగాదాలో దవడ విరగ్గొట్టాడు. 2022లో సియాటిల్‌లో అతనికి పునరాగమనానికిచ్చే అవార్డు దక్కింది. క్లీవ్‌లాండ్ సాగనంపిన మేఫీల్డ్ టాంపా చేరి 2024లో నేరుగా స్కోరు తెచ్చే ‘టచ్‌డౌన్’ పాసులు 41 విసిరాడు. పెరటిచెట్టు మందుకి పనికిరాదంటే, దాన్ని పీకి గోడవతల పారేశారు. పక్కింటివాళ్లు కషాయం కాచుకు తాగుతున్నారు.

కరొలినా పాంథర్స్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 2023లో మొదటి ఎంపిక కోసం మంచి ఆటగాణ్నీ, రాబోయే ఎంపికల్నీ షికాగోకి ఇచ్చి, అయిదడుగుల పదంగుళాల బ్రైస్ యంగ్‌ని తెచ్చుకుంది. ఆ ఏడాది రెండే గెలిచింది. కోచ్‌ని 11 మ్యాచ్‌లకే పంపేసింది. అంత ఘోరంగా ఓడినందుకు దక్కాల్సిన మరుసటేటి మొదటి ఎంపిక ఇచ్చేసినవాటిలోనే ఉంది, షికాగోకి పోయింది. జట్టు యజమాని ఒక మ్యాచ్‌లో విసుగొచ్చి చేతిలోని పానీయం కింద కూర్చున్న అభిమాని మీదకి విసిరాడు. మూడు లక్షల డాలర్ల జరిమానా పడింది. బార్లలో మాత్రం ఆ వారమంతా చర్చ యంగ్ ఎత్తు గురించే.

ఇల్లు లోపమని అందరికీ తెలుసు. కానీ ఇల్లు ఎవరూ మార్చలేరు. యజమానిని తీసేసే హక్కు అభిమానికి లేదు, ఉన్నదల్లా కుర్రాణ్ని తిట్టే హక్కు. దాన్నే వాడుకుంటాడు. 2013లో ఓహైయోలో ఒక అభిమాని కన్నుమూస్తే పత్రికలో వచ్చిన ప్రకటనలో చివరి కోరిక ఉంది: శవపేటిక మోయడానికి ఆరుగురు బ్రౌన్స్ ఆటగాళ్లు కావాలట. ఇన్నేళ్లూ గోతిలో దింపినవాళ్లు ఈ చివరిసారీ వాళ్లే దింపాలని. పోయేవాడు కూడా తిట్టి, అదే జట్టుని పిలిచి పోయాడు.

2025 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్ ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లని తెచ్చింది. మూడో రౌండ్‌లో 94వ ఎంపికగా డిల్లన్ గాబ్రియల్. తర్వాత, మొదటి రౌండ్‌లోనే పోతాడనుకున్న షెడూర్ శాండర్స్ జారుతూ జారుతూ అయిదో రౌండ్‌లో 144వ ఎంపికగా దొరికాడు. ఒక ముహూర్తానికి ఇద్దరల్లుళ్లు. ఆ రాత్రి ఏ బార్లోనైనా మాట ఇలాగే నడిచి ఉంటుంది.

“ఈసారి చూడు. ఇద్దరిలో ఒకడైనా నిలబడకపోతాడా?”

“నిలబడతాడులే. లైను మార్చారా?”

“అబ్బే.”

“పోనీ యజమాని?”

“ఆయనే.”

“సరే, టికెట్లు ఎప్పటినుంచి అమ్ముతారట?”