నేను కీచుమన్న రాత్రి

నేను డిజిటల్ థర్మామీటరుని. నాలుక కింద పెట్టుకుని నోరు మూసుకుంటే కాసేపటికి కీచుమంటాను, అంకె చూపిస్తాను. అంతకు మించి నాకు చదువు లేదు.

ఈ ఇంట్లో చాలాకాలం పిల్లల జలుబులకే పనికొచ్చాను. నూటరెండు చూపినా "వైరల్‌లే" అని సొరుగులో పడేసేవారు. పెద్దావిడకు రొమ్ము క్యాన్సర్ అని తేలి కీమో మొదలయ్యాక నా అంకెలకు విలువ పెరిగింది. డిశ్చార్జి కాగితం మీద నర్సు ఎర్ర పెన్నుతో 100.4 చుట్టూ సున్నా చుట్టింది. అది వస్తే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యాలట.

ఆ కాస్త జ్వరానికే ఎందుకంత హడావిడి? కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మూలుగలో తయారయ్యే తెల్లకణాలనూ దెబ్బకొడుతుంది. చాలా మందులకు, ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య ఈ కణాల కౌంట్ బాగా పడిపోతుంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 500 కంటే తగ్గాయంటే ఇన్‌ఫెక్షన్ వచ్చినా చీము పట్టకపోవచ్చు, వాపూ ఎరుపూ కనిపించకపోవచ్చు. చాలాసార్లు బయటికి తెలిసేది జ్వరమొక్కటే. గంటలోపే యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలని డాక్టర్లు తొందరపెట్టేది అందుకే.

నాకు పడనిది పారాసెటమాల్. మంచి మందే, కాదనను. కానీ నన్ను పెట్టకముందే దాన్ని మింగితే నేను 99 అని, అందరినీ నిద్రపుచ్చేస్తాను. వేడి కాఫీ తాగిన వెంటనే పెట్టారా, లేని జ్వరం చూపిస్తాను. భారమంతా నా మీదే వెయ్యకండి కూడా. చలితో ఒళ్లు వణికినా, గుక్కెడు నీళ్లు కడుపులో నిలవకపోయినా, ఆయాసం వచ్చినా, చిగుళ్ల నెత్తురు ఆగకపోయినా, నేను 98.6 అంటున్నా సరే, ఫోన్ చెయ్యాల్సిందే.

ఆ రాత్రి 100.6 చూపించాను.

"అత్తయ్యా, ఆస్పత్రికి ఫోన్ చేస్తున్నా."

"ఈ వేళప్పుడు వాళ్లనేం లేపుతావు? తెల్లారనీ అమ్మాయ్. ఓ మాత్ర ఇటు పడెయ్."

"మాత్ర సంగతి వాళ్లని అడిగాకే."

మొహమాటం! జ్వరం కంటే అదే మొండిది. మావాళ్లు డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడే సగం బాధలు మింగేస్తారు, ఇక అర్ధరాత్రి ఫోనంటే చెప్పాలా. కోడలు వినలేదు. అవతల నర్సు విసుక్కోలేదు కూడా. ఆఖరి కీమో ఎప్పుడయింది, జ్వరమెంత, మాత్ర ఏమైనా వేశారా అని అడిగి, వెంటనే తీసుకొచ్చెయ్యమంది. గేటు దగ్గరే కీమో పేషెంటని చెప్పమంది.

పెద్దావిడ ఫైళ్ల సంచిలో నన్నూ పడేసింది.

"ఆస్పత్రిలో థర్మామీటరు ఉండదా అమ్మా?" అన్నాడు కొడుకు కారు తీస్తూ.

"ఉంటుందిలే. మనదీ వాళ్లదీ ఒకటే చెబుతాయో లేదో చూడొద్దూ!"

వాళ్లది 101 చెప్పింది. కల్చర్‌కి రక్తం తీశారు. రిపోర్టు కోసం ఆగకుండానే యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలెట్టారు. "పొద్దున్నే పాలవాడికి ఫోన్ చెయ్యరా, ప్యాకెట్లు గేటుకి తగిలించి పోతే పిల్లి చింపేస్తుంది" అంటోంది పెద్దావిడ.