ఎగిరేవాడిని కట్టేయడం ఎలా?

సూపర్‌మ్యాన్ హక్కులు మీ చేతికొచ్చాయనుకుందాం. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక అట్ట మీద కారును నెత్తికెత్తుకుని కనిపించిన ఆ వీరుణ్ని ఇప్పుడు మీరు వీడియో గేమ్‌లోకి దించాలి. కంగారు పడకండి. ఈ పని చెడగొట్టడానికి ప్రతిభ అక్కర్లేదు, పద్ధతి తెలిస్తే చాలు. ఆ పద్ధతికి పెద్దబాలశిక్ష లాంటి ఆట ఒకటి ఎప్పుడో వచ్చేసింది. 1999లో ఫ్రాన్స్ కంపెనీ టైటస్ నింటెండో 64 మీద విడుదల చేసిన ఆటను జనం ‘సూపర్‌మ్యాన్ 64’ అని పిలుచుకున్నారు. ఆటల సమీక్షల వెబ్‌సైట్ గేమ్‌స్పాట్ దానికి పదికి 1.3 మార్కులు వేసింది. ప్రపంచంలోకెల్లా చెత్త ఆటలు ఏవని ఎవరు లెక్క తీసినా అందులో దీనికో పీట వేసే ఉంటుంది. అంత పేరు ఊరికే రాదు. దాని వెనుక ఒక సూత్రం ఉంది, అది వంటబడితే ఏ వీరుణ్నయినా మీరు ఇంతవాణ్ని చేయగలరు.

సూత్రం ఇదీ: వీరుడి బలాన్ని జబ్బుగా చూడండి. ఆట మొదలుపెట్టేముందు ‘వీడు దేన్ని పోగొట్టుకోకూడదని తపిస్తాడు?’ అని పొరపాటున కూడా అడగొద్దు. ‘వీణ్ని ఎక్కడ కట్టేయాలి?’ అని మాత్రమే అడగండి. టైటస్ వారు ఏం చేశారో దగ్గరగా చూడండి. వీరుడి బద్ధశత్రువు లెక్స్ లూథర్ ఒక మాయా మెట్రోపోలిస్‌ను సృష్టించి వీరుడి సన్నిహితులైన లోయిస్ లేన్‌ను, జిమ్మీ ఓల్సెన్‌ను, ప్రొఫెసర్ హామిల్టన్‌ను అందులో బంధించాడు. వాళ్ల కోసం సూపర్‌మ్యాన్ ఆ నగరంలోకి దూకాడు. కథ బాగానే ఉంది. ఆటగాడు కంట్రోలర్ పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. ఎదురుగా ఏమొచ్చింది? గాల్లో వేలాడుతున్న రింగులు. ఒకదాని తర్వాత ఒకటి, వరసగా దూరి పోవాలి, అదీ గడువులోపల. గ్రహాల మధ్య తిరగగలిగినవాడికి ఆర్టీవో ఆఫీసు మైదానంలో ఎనిమిది వేయించినట్టన్నమాట. లైసెన్సు పరీక్షకు వెళ్లినవాడు కనీసం ఒకసారి వేసి ఇంటికెళ్తాడు. ఇక్కడ లోపలి గదుల్లో ఒక దశ ముగించి బయటికి రాగానే మళ్లీ రింగులే. కంట్రోలర్ ఒకవైపు వంచితే వీరుడు మరోవైపు మొగ్గడం అదనపు సౌకర్యం.

రెండో మెట్టు పొగమంచు. నింటెండో 64కు దూరంగా ఉన్న భవనాలను గీసే శక్తి తక్కువ. ఆ లోపాన్ని కప్పడానికి ఆ రోజుల్లో చాలామంది ఆట నిండా మంచు కప్పేవాళ్లు. టైటస్ వారు ఆ మంచుకు వీరుడి బలాన్ని హరించే ఖనిజం క్రిప్టనైట్ పేరు పెట్టి కథలో కలిపేశారు. యంత్రం చేతగానితనం లూథర్ ఖాతాలోకి పోయింది. దీనికి మీకు వెంటనే ఒక అభ్యంతరం వినిపిస్తుంది: ‘పాపం, యంత్రమే అంత, వాళ్లేం చేస్తారు?’ ఈ సానుభూతిని మీరు కూడా అవసరమైనప్పుడు వాడుకోవచ్చు గానీ, ఎవరూ 2000లో నెవర్‌సాఫ్ట్ చేసిన ‘స్పైడర్ మ్యాన్’ను చూసి ఉండకపోతేనే అది పనిచేస్తుంది. అది వచ్చిన ప్లేస్టేషన్‌కీ నగరాన్ని నేలదాకా గీసే సత్తా లేదు. అక్కడా పొగే పెట్టారు, అక్కడా కథతోనే కప్పారు. వీధులను విషవాయువు కమ్మేసిందన్నారు. తేడా అల్లా పొగను ఎక్కడ పెట్టారన్నదే. ఒకచోట వీరుడి ముక్కు ముందు, ఇంకోచోట వీరుడి కాళ్ల కింద. కాళ్ల కింద ఉన్న పొగ వల్ల మేడల మీంచి మేడల మీదికి దూకడం ఇంకా గుండె ఝల్లుమనేలా మారింది. ముక్కు ముందున్న పొగ వల్ల ఎగరడం గుడ్డివాడి నడక అయింది. కాబట్టి యంత్రం మీద నేరం మోపేముందు, అదే బాధ పడుతూ పొగకు తగిన చోటు చూసుకున్న పొరుగువాణ్ని ఎవరికీ కనబడకుండా దాచండి.

అసలు అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చావులేనివాడితో ఆటేమిటి, ఓడిపోయే అవకాశం లేకపోతే గెలుపుకు రుచెక్కడిది, అందుకే బలం తగ్గించక తప్పదు అంటారు పెద్దలు. వినడానికి న్యాయంగానే ఉంది. కామిక్స్ రాసినవాళ్లకూ ఈ తలనొప్పి ఉండేది. మొదట్లో సూపర్‌మ్యాన్ ఎగరనే లేడు, రెండు వందల మీటర్ల మేర దూకేవాడంతే. ఎగరడం తర్వాత అబ్బింది, బలం పెరుగుతూ పోయింది, చివరికి 1943లో రేడియో నాటకంలో క్రిప్టనైట్ రావాల్సి వచ్చింది. కానీ క్రిప్టనైట్ ఊరగాయ లాంటిది. అన్నంలోకి ఓ ముక్క నంజుకోవాలి గానీ, అన్నం తీసేసి విస్తరి నిండా ఊరగాయే వడ్డిస్తే తినేవాడు లేచిపోతాడు. మన హనుమంతుడికి కూడా తన బలం తనకు గుర్తుండని శాపం ఉంది. అయితే కథలో జాంబవంతుడు కూడా ఉన్నాడు. సముద్రం ఒడ్డున ఆయన గుర్తుచేసే ఘడియ కోసమే ఆ శాపం. ఈ ఆటలోకి శాపం వచ్చింది, జాంబవంతుడు రాలేదు.

బలం తగ్గించకుండా ఆట చేయడం కుదరదన్న వాదానికి జవాబు సూపర్‌మ్యాన్ 64 కన్నా ఇరవై ఏళ్ల ముందే వచ్చింది. 1979లో అటారీ 2600 మీద జాన్ డన్ ‘సూపర్‌మ్యాన్’ రాశాడు. కార్ట్రిడ్జ్ మొత్తం 4 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో మీరు పంపే గుడ్‌మార్నింగ్ బొమ్మలో మూల మీద పువ్వుకు కూడా అది చాలదు. అందులో లూథర్ ఒక వంతెనను పేల్చేస్తాడు. క్లార్క్ కెంట్ ఫోన్‌బూత్‌లో దూరి సూపర్‌మ్యాన్ అవుతాడు, ముక్కలు వెతికి తెచ్చి వంతెన కడతాడు, లూథర్‌నూ ముఠానూ జైల్లో పడేస్తాడు, మళ్లీ కెంట్‌గా మారి తను పనిచేసే డైలీ ప్లానెట్ పత్రిక ఆఫీసుకు చేరతాడు. ఇంతే. అతను చావడు. క్రిప్టనైట్ తగిలితే ఎగరలేడు, లోయిస్ లేన్ దగ్గరికి వెళ్లగానే మళ్లీ ఎగురుతాడు. మరి ఆటలో గెలుపోటములేవి? పైన గడియారం నడుస్తూ ఉంటుంది, ఎంత తొందరగా ముగించావన్నదే నీ స్కోరు. అంటే వీరుడి ప్రాణాల జోలికి పోకుండానే ఆట పుట్టింది. రెండు ఆటల్లోనూ గడియారం ఉందే అంటారా? ఉంది. అటారీలో అది నగరం పనికి పెట్టిన గడువు, టైటస్‌లో అది రింగుల వరసకు పెట్టిన గడువు. ఒకటి ఊరు నిలబెట్టడానికి, ఇంకొకటి హాజరు వేయించుకోవడానికి.

దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లే పని 2006లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేసింది. ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’ ఆటలో ప్రాణాల గీత సూపర్‌మ్యాన్‌ది కాదు, మెట్రోపోలిస్ నగరానిది. అతనికి దెబ్బ తగలదు, ఊరికి తగులుతుంది. సూపర్‌మ్యాన్‌కు ఇంతకన్నా తగిన నియమం ఏ ఆటలోనూ నాకు కనబడలేదు. అయినా ఆ ఆట నిలబడలేదు, కాబట్టి మీకు దానిలోంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నియమం మంచిదే దొరికినా, ఒకే రకం రాక్షసులను మళ్లీమళ్లీ పంపండి. ఆఖరి శత్రువుగా ఒక సుడిగాలిని నిలబెట్టండి. ఊరిని కాపాడమంటారు గానీ ఆ ఊళ్లో పేరు పెట్టి పిలవదగ్గ మనిషి ఒక్కడు తగలకుండా చూడండి. కేవలం ఆలోచన బాగున్నంత మాత్రాన ఆట బాగుపడదని, బలం పుష్కలంగా ఇచ్చి కూడా వీరుణ్ని విసిగించవచ్చని ఇది రుజువు చేసింది. నా వాదానికి ఇది కాస్త ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ చెడింది బలం వల్ల కాదు, ఆ బలానికి తగ్గ ఊరు కట్టకపోవడం వల్ల.

ఇక అందరికీ అక్కరకొచ్చే సాకు: హక్కుదారులు. టైటస్ వ్యవస్థాపకుల్లో ఒకడైన ఎరిక్ కాయెన్ తర్వాతి ఇంటర్వ్యూల్లో ఇదే చెప్పుకున్నాడు. అడుగడుగునా ఆంక్షలే, సూపర్‌మ్యాన్ నిజమైన మనుషుల్ని తన్నకూడదని పట్టుబట్టడం వల్లే మాయా నగరం పెట్టాల్సి వచ్చిందని. నమ్మదగ్గ మాటే. వీరుడి పరువు కాపాడే పని ఆఫీసులకు అప్పగిస్తే ఇలాంటివి జరుగుతాయి. కానీ ఆంక్షే ఆటను చంపుతుందనుకుంటే 2009 నాటి ‘బ్యాట్‌మ్యాన్: అర్ఖామ్ అసైలమ్’ ఎలా బతికింది? బ్యాట్‌మ్యాన్ ఎవరినీ చంపడు. లండన్ కంపెనీ రాక్‌స్టెడీ ఆ నిషేధాన్ని గోడ అనుకోలేదు, ఆట అంతా దాని మీదే కట్టింది. చంపకూడదు గనక భయపెట్టాలి. తుపాకులతో తిరిగే ఆరుగురిలో ఒకణ్ని బ్యాట్‌మ్యాన్ చూరు కింది రాతిబొమ్మకు తలకిందులుగా వేలాడదీస్తే, మిగిలిన అయిదుగురు తడబడుతూ గాల్లోకి కాల్చుకుంటారు. అలాంటి ఆంక్షే టైటస్ చేతికొస్తే మాయా నగరమై కూర్చుంది.

కనుక మీ ఆట విజయవంతంగా చెడాలంటే మూల సూత్రం మరవకండి. 2004 ‘స్పైడర్ మ్యాన్ 2’ చేసిన ట్రేయార్క్ వాళ్లలా దారాన్ని ఆకాశానికి కాకుండా నిజంగా అక్కడున్న భవనానికే అతికించాలని పట్టుబట్టకండి. అలా చేస్తే ఊగడమే ఒక సుఖమైపోయి, ఆటగాళ్లు కథను గాలికొదిలి ఊళ్లో ఊయలలూగుతారు, పిజ్జాలు చేరవేస్తూ కూడా సంతోషిస్తారు. వీరుడికి ఏం చేతనవునో అది ఆటగాడి వేళ్లకు తెలిసిపోయే ప్రమాదం అది. ఎవరైనా ‘ఎగరడం బాగాలేదు’ అంటే ఇంకో పది రింగులు పెట్టండి.

చివరగా, ఒప్పందంలో తేదీ చూసుకోండి. టైటస్ ఆటకు ప్లేస్టేషన్ రూపం కూడా ఒకటి తయారైంది. హక్కుల గడువు తీరిపోవడంతో అది బయటికి రాలేదు. గడువులోపల రింగు దాటలేకపోయారన్నమాట.